మామ్మ మరచెంబులోని నాణేలు

మామ్మ పోయిన ఏడాదికి, నరసాపురం దగ్గర మా ఊళ్ళో పాతింటి అటక సర్దుతుంటే ఆవిడ మరచెంబు దొరికింది. మూత బిగుసుకుపోయింది. కొబ్బరినూనె రాసి రాత్రంతా ఉంచితే పొద్దున్నే తిరిగింది. లోపల వెండి రూపాయలు, బేడలు, చిల్లు కాణీలు, నల్లబడిన రెండు రాగి బిళ్ళలు ఉన్నాయి.

నేను మొదట చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఒక రాగి బిళ్ళని ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు పెట్టి తోమేశాను. తళతళలాడింది. రెండోది చేతిలోకి తీసుకునేలోపు అమ్మ భోజనానికి పిలిచింది.

వెండి సంగతి తొందరగానే తేలింది. మా వీధి చివర కంసాలి ఆచారి గారు తూచి చూశారు. అంతగా అరగనివి 11.66 గ్రాములు తూగాయి. అంటే పాతకాలపు తులం. "పూర్వం రూపాయే మాకు తూకపు రాయి బాబూ" అన్నారు. 1939 దాకా రూపాయిలో నూటికి 91 పాళ్ళ పైనే వెండి, 1940 నుంచి సగమే. విక్టోరియా రాణి బొమ్మతో 1862 రూపాయి కనబడగానే ఎంతో సంబరపడ్డాను. తీరా చదివితే, ఆ అంకె మార్చకుండానే 1874 దాకా ముద్రించారట. పాతదైతే చాలు విలువైనదే అన్న నమ్మకం అక్కడితో పోయింది.

మిగిలిన రాగి బిళ్ళ మీద ఫోన్ లైటు పక్కనుంచి వేసి భూతద్దంతో చూశాను. ఒకవైపు హృదయాకారంలో ఈస్టిండియా కంపెనీ గుర్తు, 1797. రెండోవైపు సింహాలు, డాలు. 'రూపాయికి 48' అని ఇంగ్లీషులో కూడా ఉంది. మన గోదావరి సీమ కలిసిన ఉత్తర సర్కారుల్లో చెలామణీ కోసమే, బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాలతో కొట్టి పంపిన నాణెం అది! ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఓడల్లో అంత దూరం వచ్చి, మన సంతల్లో చేతులు మారి, మా అటక మీద ఆగింది.

ఈలోగా కబురు ఊళ్ళో పాకింది. ఒకాయన వచ్చి, సీతారాముల బొమ్మతో 1818 కంపెనీ నాణెం ఉందా, అది బియ్యాన్ని లాగుతుందా అని అడిగాడు. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ ముద్రించలేదు. ఈ రైస్ పుల్లింగ్ మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు మన జిల్లాల్లోనే ఉన్నారు. దయచేసి నమ్మకండి.

రాజమండ్రిలో నాణేలు కొనే పెద్దాయనకి రెండు రాగి బిళ్ళలూ చూపించాను. తోమినదాన్ని వెంటనే పక్కన పెట్టేశారు. "దీని చర్మం ఒలిచేశారండి" అన్నారు. రెండోదాన్ని మాత్రం అంచులు పట్టుకుని చాలాసేపు తిప్పి చూశారు. కాలం మీద రాగికి పట్టే ఆ ముదురు గోధుమరంగు పొర ఒకసారి పోతే మళ్ళీ అలాగే రాదట. అక్షరాల సందుల్లో ఎర్రగా ఏదో ఉందని ఆయనే చూపించారు.

ఇంటికొచ్చి అమ్మనడిగాను. "కుంకుమరా. శ్రావణ శుక్రవారం మామ్మ చెంబులోవన్నీ పీట మీద పోసి బొట్టు పెట్టేది" అంది.

ఆ నాణేలు వేటినీ అమ్ముకోలేదు. ఒక్కోదాన్నీ విడిగా కాగితం కవర్లో పెట్టి, ఎక్కడ దొరికిందో, ఎవరిదో రాశాను. మొదటి రాగి బిళ్ళ కవరు మీద 'చింతపండుతో తోమినది' అని కూడా రాశాను.