ఆకుపచ్చ హనుమంతుడు, ఊదారంగు కాళ్లు

మొదటి వారం

నిమ్మలకుంట నుంచి తెచ్చుకున్న తోలుబొమ్మ హనుమంతుడు మా ముందు గదిలో గోడకు వేలాడుతుంటాడు. చేతులూ తోకా కొంచెం కొంచెం కదుపుతూ వరసగా ఫొటోలు తీసి, అరచేతిలో పట్టే తెర మీద ఆయన్ను ఆడించాలని నా కోరిక. తెర 320 × 240 చుక్కలది, చుక్కకు రెండు బైట్లు. ఒక్కో బొమ్మకు 1,53,600 బైట్లు కావాలి. వాటిని దాచడానికి 16 మెగాబైట్ల ఫ్లాష్ చిప్పు, డబ్ల్యూ25క్యూ128. నడిపించేది రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న కంప్యూటరు బోర్డు. పికో పంపే క్లాక్ సిగ్నల్ ఒకసారి కొడితే చిప్పు నుంచి ఒక బిట్టు (బైట్‌లో ఎనిమిదో వంతు) వస్తుంది కాబట్టి, సెకనుకు 25 బొమ్మలు ఆడాలంటే 31 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు 3.1 కోట్ల దెబ్బలు కావాలి. చిప్పు 100 మెగాహెర్ట్జ్ దాటినా తట్టుకునేదే. ఇంకేం అనుకుని జానెడు పొడవున్న జంపర్ వైర్లు ఆరు గుచ్చేశాను.

బొమ్మ వచ్చింది. నడుము దాకా ఆకుపచ్చగా, కిందంతా ఊదారంగులో. "మామయ్యా, హనుమంతుడు సిరాలో దిగాడా?" అన్నాడు మేనల్లుడు.

రెండో వారం

మూడు సాయంత్రాలు ప్రోగ్రాము మీద పోయాయి. తరువాత అనుమానం ధూళి మీదికి మళ్లింది. అనంతపురంలో ఎండాకాలం గాలికి కిటికీ మూసినా బల్ల మీద మట్టి పొర కడుతుంది మరి. పిన్నులన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. ఊదారంగు మాత్రం పోలేదు.

అప్పుడు బొమ్మలు పక్కన పెట్టి చిప్పును దాని పేరు అడగడం మొదలుపెట్టాను. ఈ చిప్పును గుర్తింపు సంఖ్య అడిగితే మూడు బైట్లు చెబుతుంది. హెక్సాడెసిమల్ (పదహారు గుర్తుల) లెక్కలో రాస్తే అవి ఇఎఫ్ 40 18. వెయ్యిసార్లు అడిగితే నాకు కొన్నిసార్లు డిఇ 80 30 వచ్చింది. రెండింటినీ బిట్లుగా విడదీసి కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకున్నాక కానీ విషయం అర్థం కాలేదు. బిట్లన్నీ సరైనవే, కాకపోతే ఒక్క గడి ఎడమకు జరిగాయి. అంటే పికో ఒకసారి క్లాక్ కొడితే చిప్పుకు రెండుసార్లు వినిపించింది. బొమ్మ మధ్యలో అలా జరిగితే, అక్కడి నుంచి కిందికి ప్రతి చుక్క రంగూ మారిపోతుంది. కాళ్ల సంగతి తేలింది.

వేగం ఎక్కువైందేమోనని 1 మెగాహెర్ట్జ్‌కు దించాను. తప్పులు అలాగే ఉన్నాయి! ఇది నన్ను నిజంగా కలవరపెట్టింది. అంత నెమ్మదిగా నడిపినా తడబడితే దానికి వేగంతో పనేముంది?

మూడో వారం

పాలిటెక్నిక్‌లో పనిచేసే తెలిసినాయన దగ్గర సిగ్నల్ ఎగుడుదిగుళ్లను తెర మీద గీతగా చూపే 100 మెగాహెర్ట్జ్ ఆసిలోస్కోపు రెండు రోజులకు అడిగి తెచ్చాను. క్లాక్ తీగ మీద ప్రోబు పెడితే, నిటారుగా లేవాల్సిన గీత లేచి, పైకి ఎగిరి, కిందికి జారి, మళ్లీ ఎగిరి, నాలుగు ఊగులు ఊగి నిలబడింది. అయితే ఆ ఊగుల్లో సగం ప్రోబు పాపమే. దాని గ్రౌండ్ (కరెంటు తిరిగివెళ్లే దారి) క్లిప్పు తీగ కూడా జానెడు ఉంటుంది. దాన్ని తీసి, ప్రోబు మొనకు చిన్న స్ప్రింగు తగిలించి పక్కనే ఉన్న గ్రౌండ్ పిన్నుకు ఆనిస్తే గీత చాలా కుదుటపడింది. మిగిలిన ఊగు మాత్రం నాదే. దాన్నే చిప్పు రెండో దెబ్బగా లెక్కపెట్టింది.

ఇందులో నా తెలివితేటలు కూడా ఉన్నాయి. పికో పిన్నులు మామూలుగా 4 మిల్లీఆంపియర్ల బలంతో, నిదానమైన అంచుతో (సిగ్నల్ కింది నుంచి పైకి లేచే చోటు) నడుస్తాయి. "వేగం కదా" అని మొదటి రోజే వాటిని 12కు పెంచి, అంచును చురుకుగా మార్చాను. తీగకు మిల్లీమీటరుకు ఉజ్జాయింపుగా ఒక నానోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటు మారడాన్ని అడ్డుకునే గుణం) ఉంటుంది. జానెడు తీగంటే దాదాపు 200. అందులో 12 మిల్లీఆంపియర్లు రెండు నానోసెకన్లలో ఎగబాకితే 1.2 వోల్టులు పుడతాయి. మొత్తం సిగ్నలే 3.3 వోల్టులు! పైగా అన్ని సిగ్నళ్లకూ తిరుగుదారి ఒక్కటే గ్రౌండ్ తీగ, అదీ మిగతావాటికి దూరంగా, కట్టకు అవతల చివర. క్లాక్ సెకనుకు ఎన్నిసార్లు కొట్టినా కొట్టిన ప్రతిసారీ అంచు అంతే పదునుగా ఉంటుంది. 1 మెగాహెర్ట్జ్‌లోనూ తప్పులు రావడానికి కారణం ఇదే.

బలం, అంచు మళ్లీ మామూలుకు తెచ్చాను. 10.4 మెగాహెర్ట్జ్ దాకా తప్పుల్లేవు, 15.6 దగ్గర అప్పుడప్పుడు. పది మెగాహెర్ట్జ్‌లో సెకనుకు ఎనిమిది బొమ్మలే ఆడతాయి. హనుమంతుడికి కీళ్లనొప్పులు వచ్చినట్టు ఉంది.

నాలుగో వారం

టవర్ క్లాక్ దగ్గర పాత కంప్యూటర్లు బాగుచేసే అంగడిలో, హార్డ్ డిస్కుల వెడల్పాటి రిబ్బన్ కేబుల్ అడిగాను. "ఇప్పుడు ఇదెందుకన్నా?" అంటూ అటక మీది డబ్బా దించి ఊరికే ఇచ్చాడు. నలభై తీగలది కాదు, సన్నని ఎనభై తీగలది ఏరుకున్నాను. కనెక్టరుకు పిన్నులు నలభయ్యే. మిగతా నలభై తీగలూ ఒకటి విడిచి ఒకటి గ్రౌండ్‌కు కలిసి, ప్రతి సిగ్నలు పక్కనా దాని తిరుగుదారి నడుస్తుంది. డిస్కుల వేగం పెరిగినప్పుడు పిన్నులు పెంచకుండా చేసిన ఏర్పాటు ఇది. నాకు చాలా నచ్చింది.

ఎవరైనా చేయబోతే కొన్ని సంగతులు. నీలం కనెక్టరు ఉన్న పొడవాటి భాగం కత్తిరించి, బూడిద, నలుపు కనెక్టర్ల మధ్య ఉన్న 15 సెంటీమీటర్లే ఉంచాను. కోసిన అంచున రాగి పోగులు ఒకదానికొకటి తగలవచ్చు, టేపు చుట్టాలి. 20వ రంధ్రం మూసి ఉంటుంది కాబట్టి అందులో గుచ్చే పిన్నుల వరసలో (హెడర్‌లో) ఆ పిన్ను విరిచేయాలి. 28వ దానికి బూడిదరంగు కనెక్టరులో కలయిక ఉండదు, అక్కడ సిగ్నల్ పెట్టకూడదు. గ్రౌండ్ పిన్నులు 2, 19, 22, 24, 26, 30, 40. వాటిని రెండు వైపులా బోర్డు గ్రౌండ్‌కు సోల్డరు చేయాలి. నేను తొందరలో ఒకవైపే చేసి ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

ఊగు అణగడానికి క్లాక్‌కు పికో పిన్ను పక్కనే 33 ఓముల రెసిస్టరు వరసలో పెట్టాను. 31.25 మెగాహెర్ట్జ్‌లో పదివేలసార్లు పేరు అడిగితే పదివేలసార్లూ ఇఎఫ్ 40 18. పికోలో ఆ పై మెట్టు 62.5. అక్కడ మళ్లీ తప్పులు వచ్చాయి కానీ ఆ నేరం కేబుల్ మీద వేయను. అక్కడ క్లాక్‌లో సగం 8 నానోసెకన్లే. చిప్పు బిట్టు బయటపెట్టడానికే 6, 7 దాకా పట్టవచ్చు.

నిన్న సాయంత్రం సెకనుకు 25 చొప్పున ఆడించాను. హనుమంతుడు అడుగు నుంచి తల దాకా ఆకుపచ్చగా, నూనె పూసినట్టు కదిలాడు. నాలుగు సెకన్లు దాటగానే తోక సగం లేచి ఆగిపోయింది. 16 మెగాబైట్లలో పట్టేవి 109 బొమ్మలే అన్న లెక్క నేను వేసుకోలేదు. మేనల్లుడి సలహా మీద సెకనుకు 12కు తగ్గిస్తే తొమ్మిది సెకన్లు వచ్చింది, తోక పూర్తిగా లేచింది. దానికి 15.6 మెగాహెర్ట్జే చాలు.