ఆవకాయ బేసిన్‌లో అన్నం

మా అమ్మమ్మ ఆవకాయ కలిపాక మూడో రోజు తిరగకలిపేది. ఈలోపు ముక్కల్లో ఊట దిగి, పైకి నూనె తేలి ఉండేది. అడుగు నుంచి కలిపి, జాడీకి ఎత్తి, వాసెన కట్టేసేది. ఆ మిగిలిన బేసిన్ మాది!

అంచులకంటిన ఎర్రటి గుజ్జు మీద పొగలు కక్కే అన్నం కుమ్మరించి, ఇంత నెయ్యి వేసి, వేళ్ల సందుల్లోంచి నూనె కారేలా కలిపేది. చుట్టూ కూర్చుని చేతులు చాపితే వరసగా ముద్దలు. పెద్ద ముద్ద ఎవరికొచ్చిందని గొడవ. కళ్లూ ముక్కూ ఏకమై కారుతున్నా "ఇంకోటి" అనేవాళ్లమే. తాతయ్య పేపర్ చదువుతున్నట్టే ఉండి, చివరి ముద్దకి సరిగ్గా చెయ్యి చాపేవారు. అదే అన్నం కంచంలో పెడితే మాత్రం ఎవరికీ వద్దు, అదేం విచిత్రమో.

ఇప్పుడు మేమూ పెడతాం. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలు దొరికితే సరే, లేదంటే టెంక గట్టిగా ఉన్న ఏ పుల్లటి కాయైనా. మార్కెట్‌లోనే ముక్కలు కొట్టించేస్తాం. ఆవపిండి, కారం, ఉప్పు అమ్మమ్మ లెక్కే, సమానంగా. మొన్న బేసిన్‌లో అన్నం కలిపి పిలిస్తే మావాడు స్పూన్ అడిగాడు.

"చెయ్యి చాపరా ముందు" అన్నాను. నాలుగు ముద్దలు లాగించాడు వెధవ.