మధ్యవర్తి సంతకం

అనంతపురం, మంగళవారం రాత్రి

సెషన్స్ కోర్టులో హత్య కేసు. ఈరోజు మధ్యవర్తి సాక్ష్యం. మధ్యవర్తి అంటే పోలీసులు వస్తువులు స్వాధీనం చేసుకునేటప్పుడు పక్కనుండి చూసి, ఆ నివేదిక మీద సంతకం పెట్టే ఊరి మనిషి. మన దగ్గర జ్యూరీ లేదు. 1974కి ముందే చాలాచోట్ల ఎత్తేశారు, ఆ ఏడాది ఏప్రిల్ 1న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అమల్లోకి రావడంతో మిగిలిందీ పోయింది. తీర్పు జడ్జిగారిది. కానీ పోలీసులు చెప్పేది నిజమా కాదా అన్నది పక్కనుండి చూసి చెప్పే పని మాత్రం ఇంకా ఊరి మనిషిదే. అందుకే ఈ సంతకమంటే నాకు అంత పట్టింపు.

డిఫెన్సు వకీలు అడిగేవి చిన్న ప్రశ్నలే. పంచనామా, అంటే ఆ నివేదిక, ఎక్కడ కూర్చుని రాశారు? రాసిందెవరు? ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ముగిసింది? "స్టేషన్లో సంతకం పెట్టినా సార్" అని మధ్యవర్తి అన్నాడంటే అక్కడితో ఆ పంచనామా కూలినట్టే.

ముద్దాయి పోలీసుల ముందు "నేనే చంపినా" అన్న మాట సాక్ష్యానికి పనికిరాదు. "కంచె కింద పూడ్చినా, చూపిస్తా రండి" అన్నది మాత్రం నిలుస్తుంది, అదీ ఆ మాట ప్రకారం వస్తువు బయటపడితేనే. కొడవలి తవ్వి తీశాక మధ్యవర్తులను పిలిస్తే వాళ్లు చూసిందేమీ లేదు. మాట వినేటప్పుడూ ఉండాలి, తవ్వేటప్పుడూ ఉండాలి.

మన ఎర్రనేలలో నెత్తురు మరక సులభంగా కనపడదు. శెనక్కాయ చేలో అయితే మరీ కష్టం. మరకపడిన మన్ను ఒక పొట్లం, కాస్త ఎడంగా మరకలేని మన్ను ఇంకో పొట్లం కట్టాలి. రెండోది లేకపోతే ల్యాబులో పోల్చడానికేముంది? తడిబట్టను ప్లాస్టిక్ కవరులో చుడితే కుళ్లిపోతుంది, నీడన ఆరబెట్టి కాగితంలో కట్టాలి. కొడవలి అలుగు పొడవు, పిడి పొడవు విడివిడిగా కొలిచి రాయాలి. "సుమారు రెండడుగులు" అని రాస్తే, కోర్టులో టేపు పెట్టి కొలిచిన రోజు తేడా తేలుతుంది.

2024 జూలై 1 నుంచి సోదా, స్వాధీనం వీడియో తీయాల్సిందే. మంచిదే. కానీ ఫోను కొడవలి మీదే నిలిపితే మధ్యవర్తులు అక్కడున్నట్టు ఎలా తెలుస్తుంది?

ఈరోజు సాక్షి పొట్లం చేతికందగానే కొడవలిని చూడలేదు. ముందు చీటీ వెతుక్కున్నాడు. పొట్లం మీది లక్క సీలు పొడిపొడిగా రాలిపోయింది. చీటీ మాత్రం దారానికే ఉంది, దానిమీద ఇద్దరి సంతకాలూ, తేదీ.