తొమ్మిది అంగల దూరంలో పుంజు

ఇంటికొచ్చి రెండు రోజులైంది, జాకెట్‌లో కట్టెల పొగ వాసన ఇంకా పోలేదు. అమెరికాలోని మిజోరీ అడవుల్లో విల్లు, బాణాలతో అడవి టర్కీ వేటకి వెళ్లొచ్చాం, అమ్మకి అది కోడే. నిన్న ఫోన్ చేసి "ఏరా, కోడి దొరికిందా?" అంది. వరంగల్ అన్నకి దొరికింది, నాకు దొరకలేదమ్మా, కానీ తొమ్మిది అంగల దూరం దాకా వచ్చి నా ముందు నిలబడింది అన్నాను. "అంత దగ్గరికొస్తే మరెందుకు కొట్టలేదురా?" అంది. పక్కన పిల్లల గోల, ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను.

మేం నలుగురం. నేను, వరంగల్ అన్న, మా ఆవిడకి అన్న వరసయ్యే గుంటూరు బావ, మా వీధిలో ఉండే అమెరికన్ పెద్దాయన. ఆయనకి తన పేరు ఎక్కడా రాయడం ఇష్టం ఉండదు కాబట్టి పెద్దాయన అనే అంటాను. మా ముగ్గురికీ విల్లు పట్టుకోవడం నేర్పింది ఆయనే. నాలుగేళ్లుగా సాయంత్రం పూట ఆయన పెరట్లోనే బాణాలు వేస్తున్నాం. సెయింట్ లూయిస్ నుంచి 44వ నంబర్ హైవే మీద క్యూబా అనే ఊరి దాకా వెళ్లి, అక్కడ 19వ నంబర్ రోడ్డు పట్టుకుంటే సేలం, ఎమినెన్స్, వినోనా వరసగా వస్తాయి. ఎమినెన్స్ దాటాక రోడ్డు పాములా మెలికలు తిరుగుతుంది. రెండు పక్కలా ఓక్ చెట్లు అప్పుడే చిగురేస్తుంటాయి, వాటి మధ్య డాగ్‌వుడ్ తెల్లగా పూసి ఉంటుంది, రెడ్‌బడ్ గులాబీ రంగు ఇంకా పూర్తిగా రాలిపోయి ఉండదు. మిజోరీ దక్షిణాన ఉన్న ఈ కొండల్ని ఓజార్క్స్ అంటారు. మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్ ఇక్కడ సుమారు 15 లక్షల ఎకరాల్లో విస్తరించి ఉంది. వద్దని బోర్డు లేని చోట ఎవరైనా 14 రోజుల దాకా టెంట్ వేసుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. అందరి అడవి అంటే ఇలా ఉండాలి అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

విల్లు ఎందుకు, తుపాకీతో సులువు కదా అని చాలామంది అడుగుతారు. వీసా మీద ఉన్నవాళ్లకి తుపాకీ రూల్స్ వేరు, ఆ గొడవలోకి వెళ్లాలని నాకు లేదు. కానీ అసలు కారణం అది కాదు. మాది జంగారెడ్డిగూడెం వైపు. చిన్నప్పుడు బుట్టాయిగూడెం సంతకి వచ్చే కోయ పెద్దాయన ఒకాయన భుజాన వెదురు విల్లు ఉండేది. దాన్ని ఒక్కసారి పట్టుకోనివ్వమని అడిగితే నవ్వి ఇచ్చాడు. నారి సగం కూడా లాగలేకపోయాను. ఆ విల్లు నా మనసులోంచి ఎప్పుడూ పోలేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం, అది అలాగే ఉండాలి కూడా, మన అడవుల్లో ఇప్పుడు మిగిలింది ఎంతని? ఇక్కడ మాత్రం లెక్క ప్రకారం అనుమతి ఇస్తారు, ముందు క్లాసు చదివి పరీక్ష పాసవ్వాలి, మేం ముగ్గురం పాసయ్యాం.

అడవి టర్కీ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఫామ్‌లో పెరిగే తెల్ల టర్కీకీ దీనికీ పోలికే లేదు. ఇది రాత్రి చెట్టెక్కి పడుకుంటుంది, తెల్లవారకముందే కొమ్మ మీంచే కూస్తుంది. వాసన పసిగట్టే శక్తి తక్కువ, అందుకే క్యాంపులో ఆవకాయ జాడీ మూత తీసినా మాకు భయం లేదు. కానీ కళ్లు! కంటి రెప్ప ఆడినా చూస్తుందంటాడు పెద్దాయన, నేను నమ్ముతాను. వసంతంలో పుంజుల్ని, లేదా గడ్డం కనిపించేవాటినే కొట్టాలి, గడ్డం అంటే పుంజు రొమ్ము మీంచి గుర్రపు తోక వెంట్రుకల్లా వేలాడే కుచ్చు. సీజన్ ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలుంటుంది, ఇలాంటి ప్రభుత్వ అడవుల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకానే వేట. గింజలు చల్లి రప్పించకూడదు, ఫోన్లో కూత పెట్టి వినిపించకూడదు. పెట్ట గొంతుని మనమే పలికించాలి, పలక రాయి మీద పుల్లతో గీకో, నోట్లో చిన్న రబ్బరు బిళ్ల పెట్టుకునో. నేను పలకే వాడతాను.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ప్రకృతిలో పుంజు కూస్తే పెట్టే నడిచి దాని దగ్గరికి వెళ్తుంది. మనం పెట్టలా పిలిచి పుంజునే రమ్మంటున్నాం, అంటే తిరగేసి అడుగుతున్నాం. అందుకే అది అరవై గజాల దూరంలో ఆగి, అలిగిన కొత్తల్లుడిలా, నువ్వే రా అన్నట్టు నిలబడిపోతుంది. తుపాకీ ఉన్నవాళ్లకి ఇంకాస్త దగ్గరికొస్తే చాలు. మాకు ఇరవై గజాల లోపు రావాలి. ఆ మిగిలిన దూరంలోనే ఈ వేట అంతా ఉంది.

మొదటి రోజు పొద్దున బావకి అవకాశం వచ్చింది. పద్దెనిమిది గజాల్లో మంచి పుంజు, పక్కకి తిరిగి ఉంది. బావ గురి తప్పలేదు, కానీ బాణం ఆ పక్షి దాకా వెళ్లనే లేదు. మేం దాక్కునే గుడారం లాంటి దాన్ని బ్లైండ్ అంటారు, మన మాటు అన్నమాట. దాని కిటికీలోంచి చూస్తున్నప్పుడు కన్ను, సైటు పైన ఉంటాయి, బాణం వాటికంటే నాలుగైదు అంగుళాలు కింద ఉంటుంది. కంటికి దారి ఖాళీగానే కనిపించింది, బాణం మొన మాత్రం కిటికీ అంచు గుడ్డకి తగిలి నేలలో గుచ్చుకుంది. పుంజు ఎగిరిపోయింది. బావ చాలాసేపు మాట్లాడలేదు. విల్లు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఇది గుర్తుపెట్టుకోండి: పెరట్లో నిలబడి ఎన్ని బాణాలు వేసినా, మాటులో కుర్చీ వేసుకుని, కిటికీలోంచి కూడా వేసి చూసుకోవాలి. ఆ మధ్యాహ్నమే బ్లైండ్‌ని క్యాంపు దగ్గర నిలబెట్టి ముగ్గురం గంటన్నర అదే పని చేశాం.

ఇంకో మాట, పిడుదుల సంగతి. ఓజార్క్స్‌లో వీపు మీద తెల్ల చుక్క ఉండే పిడుదు ఒకటి ఉంది, లోన్ స్టార్ అంటారు. అది కుడితే కొందరికి మేక, గొర్రె, గొడ్డు మాంసం ఏదీ పడకుండా పోతుంది, తిన్న కొన్ని గంటలకి ఒళ్లంతా దద్దుర్లు, ఒక్కోసారి ప్రాణం మీదకి కూడా వస్తుంది. బట్టలకి ముందే పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టి ఆరబెట్టుకుంటాం, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుంటాం, రాత్రి పడుకునే ముందు టార్చి వేసి ఒకరినొకరు చూసుకుంటాం. ఇందులో మొహమాటం పనికిరాదు. ఇంకోటి, పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది కాబట్టి ఆ మూడు రంగుల బట్టలు అడవిలో వేసుకోకూడదు, దూరం నుంచి వేరే వేటగాడు పొరబడే ప్రమాదం ఉంది. బావ ఎర్ర తువ్వాలు మూడు రోజులూ కారులోనే ఉంది.

రెండో రోజు నాది. నాలుగుకి లేచాం, టీ తాగి, పులిహోర రెండు ముద్దలు తిని, నేనూ పెద్దాయనా ఒక లోయ పక్కన ఉన్న పాత పొలం లాంటి ఖాళీ జాగాకి వెళ్లాం. బ్లైండ్ లోపల నల్ల చొక్కాలు, నల్ల ముసుగులు. ముందు రెండు బొమ్మలు, ఒక పెట్ట, ఒక కుర్ర పుంజు. డెకాయ్ అంటారు వీటిని, మా తాతయ్య కౌజు పిట్టల గురించి చెబుతూ దీమం అనేవాడు. ఏళ్ల తరవాత ఆ మాట ఓజార్క్స్ చీకట్లో గుర్తొచ్చింది.

అయిదున్నర అవుతుండగా లోయ అవతల గుడ్లగూబ అరిచింది, దానికి బదులుగా కొమ్మ మీంచి పుంజు కూత. ఒళ్లు జల్లుమంది. పలక మీద మెల్లగా మూడుసార్లు పలికించి ఊరుకున్నాను. ఎక్కువ పిలవొద్దని పెద్దాయన నియమం. గంటన్నర ఏమీ లేదు. తరవాత చెవికంటే ముందు ఛాతీకి తెలిసింది. ఎవరో తుప్పుమని ఉమ్మినట్టు చిన్న చప్పుడు, వెంటనే ఎక్కడో దూరాన ట్రాక్టర్ గుర్రుమన్నట్టు. పుంజు రెక్కలు నేలకి రాస్తూ పురి విప్పినప్పుడు చేసే శబ్దం అది. బాగా దగ్గరుంటేనే వినిపిస్తుంది.

ఒక లావాటి ఓక్ మాను వెనక్కి అది వెళ్లినప్పుడు విల్లు లాగాను. నాది 50 పౌండ్ల విల్లు, పూర్తిగా లాగాక కప్పీల వల్ల చేతి మీద పది పౌండ్ల బరువే ఉంటుంది, అయినా ఆ పది పౌండ్లు నిమిషం గడిచేసరికి యాభైలాగే అనిపిస్తాయి. మాను వెనక నుంచి అది బయటికొచ్చింది. తోక విసనకర్రలా విప్పుకుని, తొమ్మిది అంగల దూరంలో, సూటిగా నా వైపు. తోమిన రాగి చెంబు మీద ఎండ పడితే ఎలా ఉంటుందో వీపు ఈకలు అలా మెరుస్తున్నాయి, మెడ ఆడించినప్పుడల్లా రాగి ఆకుపచ్చగా, ఆకుపచ్చ ఊదాగా మారుతోంది. నుదురు తెల్లగా, కళ్ల చుట్టూ నీలం, గొంతు కింద ఎర్రటి కాయలు, ముక్కు మీంచి ఒక మెత్తటి తోలు జారి వేలాడుతోంది. సంక్రాంతికి మా ఊళ్లో ఎన్నో పుంజుల్ని చూశాను, నెమలి, డేగ, కాకి, అన్నీ. ఇలాంటిదాన్ని చూడలేదు.

పురి విప్పినప్పుడు పుంజు ఎంత పెద్దగా కనిపించినా లోపల బాణం తగలాల్సిన చోటు ఒక బత్తాయి అంతే. మిగతాదంతా ఈకలే. సూటిగా ఎదురుగా ఉన్నప్పుడు ఆ బత్తాయి ఇంకా చిన్నది. సరే, గడ్డం మొదట్లో గురి పెడదాం అనుకున్నాను, పెట్టాను కూడా. అప్పుడు చూశాను, దాని వెనక, సరిగ్గా అదే వరసలో, గడ్డిలో ఒక పెట్ట.

బాణం పుంజులోంచి అవతలికి దూసుకుపోతుంది. ఏప్రిల్ నెల అది. పెట్టలు రోజుకో గుడ్డు చొప్పున పది, పన్నెండు పెట్టి పొదిగే కాలం. అమ్మా, ఇదీ సంగతి. పొదుగు మీద ఉన్న పెట్టని పండక్కి కూడా కొయ్యనిచ్చేదానివి కాదు కదా, నాన్నతో గొడవ పెట్టుకున్నావు కూడా ఒకసారి. ఆ పెట్ట పక్కకి జరుగుతుందేమోనని చూశాను. చెయ్యి వణుకుతోంది. పెద్దాయన ఊపిరి నా భుజం పక్కనే వినిపిస్తోంది, ఆయన ఒక్క మాట కూడా అనలేదు. పుంజు మెల్లగా తిరిగి, పెట్ట వెంట, బ్లైండ్ పక్క నుంచి నాకు కిటికీ లేని వైపు నడిచి వెళ్లిపోయింది. విల్లు దించాను. చాలాసేపటికి పెద్దాయన నా మోకాలు మీద తట్టాడు, అంతే.

బాధపడ్డానా అంటే లేదు. రెండు నిమిషాలు దాన్ని అంత దగ్గర్నుంచి చూశాను, అది నన్ను చూడలేదు. ఈ ట్రిప్‌లో నాకు దక్కింది అదే, అది చాలా ఎక్కువ.

మూడో రోజు అన్న కొట్టాడు. పద్నాలుగు గజాలు, పక్కకి తిరిగిన పుంజు, రెక్క మొదట్లో తగిలింది, నలభై అడుగులు పరుగెత్తి పడిపోయింది. మేం వెళ్లేసరికి అన్న దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని వీపు మీద చెయ్యి వేసి ఉన్నాడు. "కొట్టిన తమ్మీ" అన్నాడు మెల్లగా, కళ్లలో నీళ్లున్నాయి. 21 పౌండ్లు తూగింది. కాలి వెనక ముళ్లు అంగుళం దాటాయి, మూడేళ్ల పైన ఉంటుందన్నాడు పెద్దాయన. పర్మిట్ మీద వెంటనే గాటు పెట్టాలి, అదే రోజు రాత్రి పదిలోపు మిజోరీ కన్జర్వేషన్ డిపార్ట్‌మెంట్‌కి తెలియజెయ్యాలి. లోయలో సిగ్నల్ ఉండదు, కారేసుకుని గట్టు మీదకి వెళ్లి ఆ పని ముందు ముగించుకొచ్చాం.

కందనకాయ బావ కోశాడు. చిన్నపిల్లాడి పిడికిలి అంత ఉంది. చీల్చితే లోపల నలిగిన ఓక్ కాయల ముక్కలు, పచ్చి ఆకు తునకలు, అరిగి నున్నబడిన గులకరాళ్లు. ఆ రాళ్లని కడిగి ఒక డబ్బాలో వేసి మా అబ్బాయికి తెచ్చాను. కందనకాయ, కార్జం మిరియాలు దట్టంగా వేసి ఇనప మూకుడులో వేయించాం. రొమ్ము పల్చగా కోసి కారం, అల్లం వెల్లుల్లి పట్టించి నిప్పుల మీద కాల్చాం. కాళ్లు గట్టిగా, నరాలతో ఉంటాయి, అవి ఐస్ పెట్టెలో ఇంటికొచ్చాయి, నాటుకోడి పులుసులా కుక్కర్‌లో గంటసేపు పెడితే గానీ లొంగలేదు. రుచి నాటుకోడికీ నెమ్మదిగా ఉడికిన మటన్‌కీ మధ్యలో ఉంటుంది.

మంట దగ్గర పెద్దాయన ఆ అడవి కథ చెప్పాడు. ఒకప్పుడు అడవులు నరికేసి, అడ్డూ అదుపూ లేకుండా వేటాడేసి ఈ పక్షిని దాదాపు తుడిచిపెట్టేశారట. 1937లో మిజోరీలో టర్కీ వేట పూర్తిగా ఆపేశారు. 1954 నుంచి మాకు దగ్గర్లోనే ఉన్న పెక్ రాంచ్‌లో వలలతో అడవి పక్షుల్ని బతికుండగా పట్టి వేరే చోట్ల వదిలారు. 1960లో మూడంటే మూడు రోజుల సీజన్ పెట్టారు, ఆ ఏడు రాష్ట్రం మొత్తం మీద కొట్టింది 94. ఆ మొదటి రోజుల్లో వాళ్ల నాన్న ఇంటికొచ్చి, పుంజు కూత విన్నానని, ఏమీ కొట్టకుండానే ఎంతో సంబరంగా చెప్పాడట. మేం కొనే ప్రతి విల్లు మీదా, బాణం మీదా పడే కేంద్ర పన్ను ఈ పనులకే వెళ్తుందని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. ఈమధ్య కొన్నేళ్లుగా ఇక్కడ టర్కీలు మళ్లీ తగ్గాయి, ఆ దిగులు ఆయన గొంతులో తెలిసింది.

తినేసి, గిన్నెలు కడిగి, బూడిద మీద నీళ్లు పోసి చేత్తో తాకి చూసుకున్నాం. టెంట్ విప్పుతున్నాం. బావ ఒక కడ్డీ, నేనొక కడ్డీ పట్టుకుని ఉన్నాం. అప్పుడు నిన్న నేను కూర్చున్న లోయ వైపు నుంచి పుంజు కూసింది. మళ్లీ కూసింది, ఈసారి ఇంకాస్త దగ్గరగా. అన్న చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. టైము ఒంటిగంటన్నర. విల్లులన్నీ కారులో, పెట్టెల్లో ఉన్నాయి. ఎవరం మాట్లాడలేదు. అది ఇంకో నాలుగుసార్లు కూసింది, ఆ తరవాత గట్టు దాటి వెళ్లినట్టుంది, కూత సన్నబడిపోయింది. బావ కడ్డీ మడిచి సంచిలో పెట్టాడు.