డురాంటా కంచెను సమం చేస్తున్నాను: పదో వారం దాకా

పని మొదలుపెట్టేనాటికి డురాంటా మొక్కలతో పెంచిన మా కంచె 24 అడుగుల పొడవుంది. ఒక కొస ఆరడుగుల ఎత్తు, రెండో కొస నాలుగున్నర. పైన గొడుగులా విచ్చుకుంది. నడుమ మూడడుగుల మేర కింద ఒక్క ఆకు లేదు, బోడి కొమ్మలే. చాలాకాలం పైపైన మాత్రమే కత్తిరిస్తూ వచ్చాను, దాంతోనే ఇలా తయారైంది.

కొమ్మ కొనలో ఉండే చిగురు ఆక్సిన్ అనే హార్మోన్‌తో కింది మొగ్గలను నిద్రపుచ్చుతుంది. కొన తీసేస్తే కోతకు దగ్గర్లో ఉన్న కణుపులు లేస్తాయి. నేను ప్రతిసారీ ఒకే ఎత్తులో కోయడంతో గుబురంతా అక్కడే పేరుకుంది, దాని నీడలో కింది ఆకులు రాలిపోయాయి. అందుకే ఈసారి పైభాగం కంటే పక్కల మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాను. లక్ష్యం నాలుగడుగుల ఎత్తు, అడుగున 30 అంగుళాల వెడల్పు, పైన 20. రెండు పక్కలూ లోపలికి కాస్త వాలితేనే ఎండ మొదలు దాకా దిగుతుంది.

మొదటి వారం

కత్తెర ఒక్కసారి కూడా ఆడించలేదు. కొమ్మలు విడదీసి గూళ్లేమైనా ఉన్నాయేమో చూశాను, లేవు. ఎండిన పుల్లలన్నీ చేత్తో లాగేశాను. కొన్ని కొమ్మలకు ముళ్లున్నాయి, మందం గ్లవుజులు తప్పనిసరి.

తర్వాత పురికొస పని. రెండు కొసల్లో కర్రలు పాతి, నేల నుంచి నాలుగడుగులు కొలిచి పురికొస కట్టాను. దూరం నుంచి చూస్తే ఒక పక్కకు ఒరిగినట్టే ఉంది. నేలే వాలుగా ఉంది మరి! మేస్త్రీలు వాడే పద్ధతిలో పారదర్శకంగా ఉండే పైపులో నీళ్లు నింపి చూస్తే రెండు కొసలకీ ఏడంగుళాల తేడా తేలింది. ఎత్తు నేల నుంచి కొలవాలా, నీటిమట్టంతో కొలవాలా అని ఒక పూటంతా ఆలోచించాను. కంచె వెనకాల గోడ ఉంది, దాని పై అంచు సమంగా ఉంది. కంటికి ఆ అంచే కొలమానం అవుతుంది కాబట్టి నీటిమట్టమే ఎంచుకున్నాను. నాలుగడుగులన్నది ఇప్పుడు నేల ఎత్తుగా ఉన్న కొసకే, పల్లపు కొసలో నాలుగడుగుల ఏడంగుళాలు వస్తుంది. వెనక గోడలాంటిదేమీ లేకపోతే నేల వాలునే అనుసరించడం మంచిదని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. ఇంత పొడవున పురికొసను ఎంత బిగించినా నడుమ జారుతుంది. నాది దాదాపు రెండంగుళాలు జారింది. మధ్యలో రెండు కర్రలు అదనంగా పాతాకే సరయింది.

రెండో వారం

మబ్బు పట్టిన రోజు చూసి పైభాగం దించాను. మండే ఎండలో కోస్తే అప్పటిదాకా నీడలో ఉన్న లోపలి ఆకులు మాడిపోతాయి. ముందు బొటనవేలంత కొమ్మలను పొడవు పిడుల కత్తెరతో, అంతకంటే లావువాటిని చేతిరంపంతో, పురికొసకు నాలుగంగుళాల కింద కోశాను. కొత్త చిగుళ్లు ఆ మోడులను కప్పడానికి చోటు ఉండాలి కదా. సన్న కొమ్మలను మాత్రమే హెడ్జ్ కత్తెరతో పురికొస వెంట సమం చేశాను.

మొదట్లో పదును లేని కత్తెర వాడటం పొరపాటు. ఆకులు తెగకుండా నలిగాయి, రెండు రోజుల్లో అంచులు గోధుమరంగుకు తిరిగాయి. తర్వాత సానబట్టించి, ప్రతి అరగంటకూ రసాన్ని స్పిరిట్ గుడ్డతో తుడుస్తూ పనిచేశాను. తేడా స్పష్టంగా కనిపించింది.

కంచె ఎగుడుదిగుడుకు మరో కారణం కూడా అప్పుడే దొరికింది. మాది బంగారు రంగు ఆకుల రకం. అందులో పూర్తి ఆకుపచ్చకు తిరిగిన కొమ్మలు ఐదారు ఉన్నాయి. పచ్చదనం ఎక్కువ కాబట్టి అవి మిగతావాటి కంటే జోరుగా పెరుగుతాయి, ఎత్తు గడ్డలన్నీ వాటివే. వాటిని పైన కోసి లాభం లేదు, పుట్టిన చోటికే తీసేశాను.

రాలిన పసుపు కాయలన్నీ ఏరేశాను. డురాంటా కాయలు విషం, పిల్లలూ కుక్కలూ ఉన్నచోట వదలకూడదు.

మూడో వారం

ఒక పక్క మాత్రమే లోపలిదాకా కోశాను. రెండు పక్కలూ ఒకేసారి బోడి చేస్తే మొక్కకు ఆహారం తయారుచేసుకునే ఆకే మిగలదు. 30, 20 అంగుళాలకు సరిపడా చెక్కతో చట్రం చేసి కంచె వెంట జరుపుకుంటూ పోయాను. కంటిచూపును నమ్మినప్పుడల్లా నా చెయ్యి తెలియకుండానే కింద ఎక్కువ కోసేసింది.

బోడి చోట ఉన్న రెండు ముదురు మొక్కలను నేలకు అడుగు ఎత్తుకు కోసేశాను. డురాంటా ముదురు కొమ్మల నుంచి కూడా చిగురిస్తుంది కాబట్టే ఆ ధైర్యం. తూజా, సైప్రస్ లాంటి వాటి జోలికి మాత్రం ఇలా వెళ్లకండి, ఆకులేని ముదురు చెక్కలోకి కోస్తే అక్కడ మళ్లీ పచ్చబడటం చాలా అరుదు. కోత అయ్యాక మొదళ్ల దగ్గర మాగిన కంపోస్టు రెండంగుళాలు పరిచి, కాండానికి తగలకుండా జరిపి, నేల లోతుగా తడిసేలా నీళ్లు పెట్టాను.

ఆరో వారం

మోడుల మీద తొమ్మిది చిగుళ్లు! పొద్దున్నే వెళ్లి లెక్కపెట్టడం నాకు అలవాటైపోయింది. జానెడు పెరిగినవాటి కొనలను రెండు కణుపుల మేర గిల్లాను, పక్క కొమ్మలు వేయడానికి. ఖాళీలో కొత్త మొక్క నాటాలని మొదట అనుకున్నాను, కానీ పాత వేళ్ల మధ్య అది నిలదొక్కుకోవడం కష్టం. బదులుగా పక్క మొక్క కింది కొమ్మ ఒకటి వంచి, అడుగున కాస్త బెరడు గీరి, మట్టిలో పాతి కొక్కెంతో నొక్కిపెట్టాను. తల్లి మొక్క నుంచి ఆహారం అందుతూనే ఉంటుంది, ఆలోపు వేళ్లు వస్తాయి.

పదో వారం

పై అంచు గోడతో సమంగా ఉంది. కోసిన పక్క మోకాలి ఎత్తు దాకా పచ్చబడింది. ఖాళీ సగం పూడింది, ఆ చోట ఇంకా అడుగున్నర పల్లం కనిపిస్తోంది. మట్టిలో పాతిన కొమ్మను (నేల అంటును) మెల్లగా లాగి చూస్తే కదల్లేదు, వేళ్లు పట్టినట్టే. ఇంకో నెల ఆగి తల్లి నుంచి వేరుచేస్తాను. కోసిన పక్క పూర్తిగా గుబురయ్యాకే రెండో పక్క మొదలుపెడతాను, అప్పటిదాకా అటువైపు పొడుచుకొచ్చిన కొనలు మాత్రమే తీస్తున్నాను. చట్రం, పురికొస కర్రలు అలాగే ఉంచాను.