కంప్యూటర్ ఫ్యాన్ రొద తగ్గడానికి మూడు వారాలు పట్టింది – నా అనుభవం

నిన్న రాత్రి ఇంటర్ పిల్లల కోసం ఇంటిగ్రేషన్ పాఠం రికార్డు చేసి విన్నాను. నా గొంతు తప్ప ఇంకేమీ వినపడలేదు. మనసు కుదుటపడింది, అందుకే వెంటనే రాస్తున్నా.

మాది కర్నూలు, సి.క్యాంపు వైపు. మే నెలలో బయట 42 డిగ్రీలుంటే మా గదిలో 36కి తగ్గదు. నా డెస్క్‌టాప్‌లో రైజెన్ 5 5600 ప్రాసెసర్, దాంతో పాటు పెట్టెలో వచ్చిన చిన్న కూలర్ (ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడి లాగేసే ఫ్యాన్, లోహపు రెక్కలు). వీడియో ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసిన పాఠాన్ని ఫైలుగా తయారు చేయడం) పెడితే వేడి 85 దాటేది, ఫ్యాన్ పిండిమరలా అరిచేది. ఆ ప్రాసెసర్‌కి కంపెనీ చెప్పిన హద్దు 90. దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడి దాటడానికి పూసే పేస్టు మార్చితే వేడి కొంచెం తగ్గింది గానీ రొద తగ్గలేదు.

తర్వాత ఊళ్లో ఒక షాపుకి పోయా. శబ్దం తక్కువుండే కూలర్, రెండు వేల లోపు కావాలన్నా. కౌంటర్ దగ్గర కుర్రాడు నా ముఖం కూడా చూడకుండా "మన ఎండలకి గాలి కూలర్లు పనికి రావన్నా, లిక్విడ్ కూలరే పెట్టుకోవాల, ఏడు వేలు అయితాది" అన్నాడు. 65 వాట్ల ప్రాసెసర్‌కి అంత అవసరమా, గొట్టాల్లో ద్రవం తిప్పి వేడి లాగే ఆ లిక్విడ్ అయినా చివరికి ఆ వేడిని ఇదే గది గాలిలోకి వదలాలి కదా, పైగా పంపు శబ్దం ఒకటి అని అడిగా. "నెట్‌లో చూసొచ్చి మాకే చెప్తారు" అని గట్టిగా అన్నాడు, పక్కనున్న వాళ్లు నవ్వారు. సరే, గాలి కూలరే ఇవ్వమని ఫోన్లో నా క్యాబినెట్ (కంప్యూటర్ భాగాలన్నీ ఉండే డబ్బా) ఫోటో చూపించి, ఇందులో పడుతుందా అని రెండుసార్లు అడిగా. "అన్నింట్లో పడతాది" అన్నాడు.

ఇంటికొచ్చి రెండు గంటలు కష్టపడి బిగిస్తే పక్క తలుపు మూసుకోలేదు. టేపుతో కొలిస్తే కూలర్ ఎత్తు 155 మిల్లీమీటర్లు, లోపల ఉన్న చోటు 152. మర్నాడు తీసుకుపోతే "పెట్టె విప్పినావు, పేస్టు అంటింది, వాపసు తీసుకోము, కొలత చూసుకోవాల్సింది నువ్వు కదా" అన్నాడు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి, పదిమందిలో కొలత తెలియదనిపించుకున్నా. ఆ రాత్రి అన్నం సయించలేదు. అడిగినప్పుడు తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు, అందులో చిన్నతనమేముంది? మీరు మాత్రం ప్రాసెసర్ పైభాగం నుంచి పక్క తలుపు దాకా కొలిచి కాగితం మీద రాసుకుని పోండి, సరిపోకపోతే మారుస్తామని బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే బయటికొచ్చేయండి.

తర్వాత డీప్‌కూల్ ఏజీ400 ఆన్‌లైన్లో తెప్పించా, ఎత్తు 150, ధర పదిహేడు వందల చిల్లర. దాని ఫ్యాన్ 120 మిల్లీమీటర్లది. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా అంతే గాలి తోస్తుంది, రొద తగ్గేది అందుకే. బిగించడానికి అరగంట పట్టింది. ఒక్క జాగ్రత్త: ఈ రైజెన్లలో పాత కూలర్ని చల్లగా ఉన్నప్పుడు నేరుగా పైకి లాగొద్దు. ఎండిన పేస్టుకి అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు కంప్యూటర్ నడిపి వేడెక్కాక ఆఫ్ చేసి, ప్లగ్గు తీసి, కూలర్ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి.

అయినా మొదటి రోజు ఫ్యాన్ ఊరికే లేస్తూ తగ్గుతూ ఉండింది, నిలకడ రొద కంటే అదే ఎక్కువ చిరాకు. బ్రౌజర్ తెరిచినా ప్రాసెసర్ వేడి ఒక్క క్షణం ఎగిరి పడిపోతుంది, ఫ్యాన్ దాని వెంట పరిగెత్తుతుంది. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ఒక మీట నొక్కితే వచ్చే సెట్టింగుల తెర) ఫ్యాన్ సెట్టింగ్‌కి పోయి 65 డిగ్రీల దాకా ఫ్యాన్ వేగం 35 శాతం దాటకుండా, ఆ పైన మెల్లగా పెరిగేలా పెట్టా. పైసా ఖర్చు లేదు. ఇప్పుడు ఎక్స్‌పోర్ట్‌లో 74 దగ్గర నిలుస్తోంది.

ఆ 155 కూలర్ అటక మీద ఉంది. పెద్ద క్యాబినెట్ ఉన్నవాళ్లు కర్నూల్లో ఎవరైనా ఉంటే చెప్పండి, సగం ధరకిస్తా. ముందు కొలుచుకుని రండి.