నలభై ఏడు ముళ్లు: నా అనుభవం

నిన్న సాయంత్రం ఒకావిడకి పడ్డ బాకీలో మూడో వాయిదా ఇచ్చి వచ్చాను. మళ్లీ మనసు మారకముందే రాసేద్దామని కూర్చున్నాను. మనశ్శాంతి కోసం ఊరూరా ప్రార్థన కూటాలకు తిరుగుతున్నవాళ్లు మా సంఘంలోనే చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరికైనా బస్సు చార్జీలు మిగిలితే మంచిదే.

మాది పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య కాలవగట్టు మీద ఊరు. తాతల నాటి నుంచి మాది బ్రదరన్ అనే క్రైస్తవ సంఘం. 1836లో మిషనరీ గ్రోవ్స్ గారి వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దొరలు మొదలుపెట్టినదే గోదావరి డెల్టా మిషన్. ఆ బాపతు సంఘాలు ఈ పక్కన చాలా ఉన్నాయి. మా ఆడవాళ్ల చేతుల్లో లేసు సూది పెట్టిందీ మిషనరీ దొరసానులే అని మా నాయనమ్మ చెప్పేది. 2024లో నరసాపురం లేసుకి జి.ఐ. గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకే అనే ముద్ర, వచ్చినప్పుడు ఫోన్లో అందరూ తెగ పంచుకున్నారు. ఆ గుర్తింపు వల్ల అరుగు మీద కూర్చుని అల్లేదానికి డజనుకి ఒక్క రూపాయి పెరిగిందా అంటే, మా ఊళ్లో పెరగలేదు. పెంచాల్సినవాళ్లలో నేనూ ఒకదాన్ని కాబట్టి నాకు తెలుసు. నేను ఏజెంటుని. కంపెనీ దగ్గర దారం తెచ్చి ఇళ్లకి పంచుతాను, అల్లినవి పోగేసి ఇచ్చి వస్తాను, కూలి తెచ్చి పంచుతాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని.

తప్పు చెప్పేస్తాను. 2020లో సంక్రాంతి నుంచి ఉగాది దాకా పదకొండు మంది చేత ఒక పెద్ద ఆర్డరుకి డాయిలీలు, అంటే బల్లల మీద వేసే చిన్న లేసు గుడ్డలు, అల్లించాను. సరిగ్గా ఉగాది రోజు, మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైంది. సరుకు మా మంచం కింద ఉండిపోయింది. "ఆర్డరు ఆగిపోయింది" అని అందరికీ చెప్పాను. అప్పటికది నిజమే. సెప్టెంబరులో సరుకు తీసుకున్నారు, కూలి 38,400 నా చేతిలో పెట్టారు. నేను మాత్రం "దసరాకి చూద్దాం" అన్నాను. దసరా వెళ్లాక "క్యాన్సిల్ అయిపోయింది" అన్నాను. అమ్మాయి నర్సింగు ఫీజు కట్టాలి, ఏం చేస్తాను అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఫీజు నిజమే. కానీ ఫీజు 25,000. మిగతా 13,400 పెట్టి ఫ్రిజ్ కొన్నాను.

ఆ ఫ్రిజ్ రాత్రిపూట గుర్రుమంటుంది. మా ఆయనకి వినపడదు, నాకే వినపడేది.

మాకు ప్రతి ఆదివారం యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె విరిచే ఆరాధన ఉంటుంది. తనను తాను పరీక్షించుకుని తీసుకోవాలని బైబిల్లో పౌలు కొరింథీయులకు రాశాడు. అందుకని పళ్లెం నా దగ్గరికి రాగానే పక్కావిడకి అందించేసేదాన్ని. ఒక వారం, రెండు వారాలు అయితే ఫరవాలేదు. నెలలు గడిచేసరికి ఆడవాళ్ల తల ముసుగుల్లోంచి చూపులు మొదలయ్యాయి. "ఒంట్లో బాలేదా వదినా?" అని ఒకావిడ అడిగితే బీపీ అన్నాను. తర్వాత నిజంగానే బీపీ వచ్చింది. డాక్టరు బిళ్లలిచ్చాడు, బిళ్లలు బీపీకి పనిచేశాయి.

మా సంఘ పెద్దలకు తెలియకుండా భీమవరం వైపు ఒక కూటానికి కూడా వెళ్లాను. మైకులో "ఈ రాత్రే నీకు విడుదల!" అని అరిచారు. గంటన్నర లైన్లో నిలబడితే తల మీద చెయ్యి మూడు సెకన్లు ఉంది. నీ బాధేంటమ్మా అని అడిగిన మనిషి లేడు. 500 పెట్టి నూనె సీసా కొన్నాను. ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది, అందులో సగం తలకి రాసుకున్నాను. అలాంటి చోటికి వెళ్లకండి. వెళ్లినా సీసా కొనకండి.

అసలు క్షమాపణ దొరికింది మా వంటింట్లోనే, రాత్రి రెండింటికి. మంచినీళ్లకి లేచి ఫ్రిజ్ తలుపు తీశాను, లైటు ముఖాన పడింది. అక్కడే కింద కూర్చుండిపోయాను. "ప్రభువా, నేను పాపిని" అని పాతికేళ్లుగా అంటున్నాను, ఆ మాట నాలుకకి అలవాటైపోయింది. ఆ రాత్రి మొదటిసారి "38,400 తిన్నాను ప్రభువా" అన్నాను. అంకె బయటికొచ్చాక ఏడుపు ఆగలేదు. దావీదు 32వ కీర్తనలో తప్పు దాచుకున్నన్నాళ్లూ తన ఎముకలు అరిగిపోయాయంటాడు. అది కవిత్వం అనుకునేదాన్ని, కాదు. యేసు సిలువ మీద కార్చిన రక్తం దీనికి కూడా చాలునని ఆ నేల మీద నమ్మాను. తెల్లారి పాలవాడు తలుపు బాదితే గానీ మెలకువ రాలేదు.

ఆ ఆదివారం రొట్టె తీసుకుందామని చెయ్యి చాచాను. అప్పుడే మత్తయి 5వ అధ్యాయం గుర్తొచ్చింది: బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమని. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. ఆరాధన అయ్యాక ఒక సంఘ పెద్దాయనతో చెప్పాను. ఆయన అటూ ఇటూ చూసి, "దేవుడు మన పాపాలను సముద్రపు అడుగున పారేస్తాడని మీకా గ్రంథంలో ఉంది కదమ్మా. దేవుడు పారేసింది నువ్వు వలేసి తీయడం దేనికి? సంఘానికి చెడ్డపేరు" అన్నారు. పారేసింది నా పాపాన్ని అండి, వాళ్ల కూలిని కాదు అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. వాక్యంలో నాతో మాట్లాడి నెగ్గడం కష్టమని మా ఆయన కూడా అంటాడు.

సంఖ్యాకాండము 5వ అధ్యాయంలో తప్పు ఒప్పుకుని, అసలంతా ఇచ్చి, దాని మీద ఐదో వంతు కలపాలని ఉంది. మనం మోషే ధర్మశాస్త్రం కింద లేం, అయినా లెక్కకి ఒక దారి కావాలి కదా. 38,400కి ఐదో వంతు 7,680. మొత్తం 46,080. చీటీ పాడి తెచ్చాను. బ్యాంకులో చిల్లర నోట్లు అడిగితే కౌంటరులో కూర్చున్నతను బిచ్చమెత్తుకోవడానికి వచ్చినట్టు చూశాడు. చిల్లర కిరాణా కొట్లో తీసుకోండి.

ఐదేళ్లు గడిచాక, దసరా వెళ్లిన వారం బయలుదేరాను. పది మందితో తేలిగ్గానే అయిపోయింది. ఒకావిడ ఏడ్చింది, ఒకావిడ టీ ఇచ్చింది. ఒకావిడ కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయింది, హైదరాబాదులో ఉన్న కొడుక్కి ఫోన్‌పే చేశాను. మా తోడికోడలు "నాకప్పుడే తెలుసు" అంది, తెలియదు.

పదకొండో మనిషి చెరువుగట్టు అత్త. చుట్టం కాదు, ఊరివరస. చర్చికి రాదు, కార్తీకమాసంలో పాలకొల్లు క్షీరారామానికి వెళ్లి దీపం పెట్టకుండా ఉండదు. ఆవిడ లెక్క నా పుస్తకంలో 40 డజన్లు, డజను 120 చొప్పున 4,800. ఐదో వంతు 960 కలిపి 5,760 కవర్లో పెట్టుకుని వెళ్లాను. దారిలో అంతా అనుకున్నాను: నేను ఏడుస్తాను, అత్త నన్ను దగ్గరకు తీసుకుంటుంది, దేవుడు నాకు చేసింది సహోదరీల కూడికలో సాక్ష్యంగా చెప్పేటప్పుడు ఈ ముక్క ఆఖరున పెట్టాలి అని కూడా.

అరుగు మీద అత్తతో పాటు ఇంకో నలుగురు అల్లుతున్నారు. "అత్తా, ఒక్క మాట, లోపలికెళ్దాం" అన్నాను.

"లోపలేముంది, చీకటి. ఇక్కడే చెప్పు."

చెప్పాను. నాలుగు సూదులూ ఆగిపోయాయి. అత్త మాత్రం వరస పూర్తయ్యేదాకా అల్లింది. అప్పుడు తలెత్తి, "పుస్తకం తెచ్చావా? చదువు" అంది. చదవడం మొదలుపెట్టాను. "గట్టిగా చదువు, మా పిన్నికి చెవుడు" అంది. వీధిలో పోయేవాళ్లు కూడా నిలబడ్డారు. నా లెక్క నేనే తేదీలతో సహా గట్టిగా చదివాను.

అత్త లోపలికెళ్లి బియ్యం డబ్బాలోంచి ఒక దారపు చుట్ట తెచ్చింది. లేసు దారమే, పసుపెక్కిపోయింది. చదువు రాదు కాబట్టి డజను నాకిచ్చినప్పుడల్లా ఒక ముడి వేసుకుందట. నా ముందు కూర్చుని బొటనవేలి కింద ఒక్కొక్క ముడి జరుపుతూ లెక్కపెట్టింది. అందరూ వింటున్నారు. నలభై దగ్గర ఆగుతుందనుకున్నాను, ఆగలేదు. నలభై ఏడు.

"కాదత్తా, పుస్తకంలో నలభయ్యే" అన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా సిగ్గనిపించే సంగతి ఇదే. ఒప్పుకోవడానికి వెళ్లినదాన్ని, అక్కడ కూడా వాదించాను.

"పుస్తకం నువ్వు రాశావు. ముళ్లు నేను వేశాను" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఏడు డజన్లకి మరకలున్నాయి, కంపెనీ తీసుకోదు అని ఆవిడతో చెప్పి, ఉతికి నరసాపురంలో ఒక కొట్లో అమ్మేశాను. దాన్ని నేను దొంగతనం కిందే లెక్కెయ్యలేదు. ఏజెంట్లం అందరం చేసే పనే అది. పుస్తకంలో రాయలేదు, ప్రార్థనలో కూడా చెప్పలేదు. అసలు మర్చేపోయాను.

"మీ దేవుడికి కూడా ఈ నలభై లెక్కే చెప్పావా అమ్మాయ్?" అంది అత్త.

ఎవరో కిసుక్కున నవ్వారు. చెవులు మండిపోయాయి. ఏడు డజన్లకి 840, ఐదో వంతు 168, మొత్తం 1,008. ఇంటికెళ్లి పోపుల డబ్బాలో దాచింది తీసుకుని, మళ్లీ అదే వీధిలో, అదే మనుషుల ముందు నుంచి నడిచి వచ్చి ఇచ్చాను. అత్త రెండు మొత్తాలూ కలిపి లెక్కపెట్టుకుంది. 6,768.

"ఈ పైడబ్బేంటి?"

ఐదో వంతు గురించి చెప్పాను. కాస్త గొప్పగానే చెప్పానేమో. అత్త పైకి చూసి పెదాలు కదిపింది. "ఊళ్లో రెండ్రూపాయల వడ్డీ. వందకి ఏడాదికి ఇరవై నాలుగు. దసరాకి దసరాకి ఐదేళ్లు, నూట ఇరవై. నువ్విచ్చింది వడ్డీకి సరిపోయింది. అసలెప్పుడిస్తావు?"

పుస్తకం వెనకట్ట మీద వేసి చూశాను. నలభై ఏడు డజన్లకి అసలు 5,640. వడ్డీ 6,768. పైసా తేడా లేదు. ఐదో వంతు కలిపితే వందకి 120, ఐదేళ్ల వడ్డీ కూడా వందకి 120. మోషే లెక్కా, చెరువుగట్టు అత్త లెక్కా ఒకే అంకె దగ్గరికి వచ్చాయి. నోట మాట రాలేదు. నెలకి 500 ఇస్తానత్తా అన్నాను. పదకొండు నెలలు 500, చివర 140. "సరే, ఐదో తారీఖు" అని మళ్లీ సూది అందుకుంది. ఫరవాలేదులే అనలేదు, క్షమించాననలేదు, ఇప్పటిదాకా అనలేదు.

తిరిగి వస్తుంటే కాలవగట్టు మీద విపరీతంగా ఆకలేసింది. ఐదేళ్లలో అంత ఆకలి నాకు తెలియదు. నా గురించి ఊరికి ఇంకా తెలియాల్సింది ఏమీ మిగల్లేదు. ఇంటికొచ్చి చద్దన్నంలో ఆవకాయ కలుపుకుని గిన్నె ఖాళీ చేశాను. ఆ రాత్రి ప్రభువుకి సవరణ చెప్పుకున్నాను, నలభై కాదు, నలభై ఏడు అని. ఆయనకి ముందే తెలుసు, అయినా చెప్పాను. ఫ్రిజ్ గుర్రుమంటూనే ఉంది, నేను నిద్రపోయాను. ఆదివారం రొట్టె తీసుకున్నాను. ఆ పెద్దాయన చూశారు, నేనూ చూశాను.

డబ్బిచ్చి క్షమాపణ కొనుక్కున్నావా అని ఒకరు దెప్పారు. కాదు. క్షమాపణ వంటింట్లో ఊరికే దొరికింది, దానికి ఎవరూ వెల కట్టలేరు. కానీ క్షమాపణ పొందినదాన్ని కదా, అత్త అరుగు దాటి వెళ్లేటప్పుడు తల వంచుకుని నడవడం ఏంటి? పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి యేసు ముందు వచ్చాడు, నాలుగంతలు తిరిగిస్తానని జక్కయ్య తర్వాత అన్నాడు. ఆ వరస లూకా 19లో మీరే చూసుకోండి. నేను ఐదో వంతుతో సరిపెట్టబోయాను.

వెళ్లేవాళ్లు ఒంటరిగా వెళ్లండి, సంఘంలోవాళ్లని వెంటబెట్టుకుని వెళ్తే అవతలివాళ్లు మొహమాటానికి క్షమించేస్తారు. లెక్క మీరు రాసుకున్న పుస్తకంలో కాదు, అవతలివాళ్ల నోట వినండి. సాక్ష్యం మాత్రం ముందే తయారు చేసుకోకండి. వడ్డీ సంగతి ఊళ్లో పాకిపోయి మా తోడికోడలు తన వడ్డీ కూడా లెక్కేసుకుని వచ్చింది. దానికి ఇస్తానని ఇంకా అనలేదు. ప్రార్థన చేస్తున్నాను.

నిన్న వెళ్లేసరికి అత్త ఒక్కతే ఉంది. 500 తీసుకుని చీర కొంగున కట్టుకుంది. "కూర్చో, ఈ కండె విప్పాలి, కొస పట్టుకో" అంది. పట్టుకున్నాను. చుట్టడం అయ్యాక అందులోంచి ఒక మూర తెంపి, పక్కనున్న చిన్న చుట్టకి కలిపింది. దానికి అప్పటికే రెండు ముళ్లున్నాయి. మూడోది వేసి, నాకు చూపించి, డబ్బాలో పడేసింది.